అర చుట్టు కొసరు

వాన తెచ్చిన గిరాకీని నమ్మకూడదని ఆ తూకాల షాపులో తాతల నాటి మాట. తడవకుండా లోపలికొచ్చినవాళ్లు ధర అడుగుతారు, బేరమాడతారు, చినుకు ఆగగానే "మళ్లీ వస్తాం" అని గొడుగు విదిలించుకుంటూ పోతారు. అందుకే ఆ మధ్యాహ్నం బరువైన సంచీతో ఒక అమ్మాయి మెట్లెక్కి వస్తే, కౌంటరు వెనకున్న తూకాల అబ్బాయి పేపరు మీంచి తల ఎత్తలేదు.

ధన్‌మని చప్పుడైతే ఎత్తాడు.

ఆమె సంచీలోంచి ఐదు కిలోల ఇనప తూకపురాయి తీసి, అప్పుడే డబ్బా విప్పిన కొత్త కాటా పళ్లెంలో పెట్టింది. నడుం వంచి, కళ్లు ముల్లుకు సమంగా తెచ్చి, ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆమె జడ చివరి నుంచి నీళ్లు ఒక్కొక్క చుక్కే అతని పేపరు మీద పడుతున్నాయి.

మూడు తరాలుగా ఊళ్లో సగం కొట్లకు కాటాలు ఇచ్చిన షాపు అది. అలాంటి షాపుకు రాయి వెంట తెచ్చుకున్న మనిషిని అతను కలలో కూడా చూడలేదు.

"ఏవండీ, మా తూకం మీద అంత అనుమానమా?"

"అనుమానం నా ఉద్యోగమండీ. దానికే జీతమిస్తారు." ఆమె ఇంకా ముల్లునే చూస్తోంది. "సరిగ్గా ఐదు. ఆశ్చర్యంగా ఉంది."

"సరిగ్గా ఉంటే ఆశ్చర్యపోతారా?"

"మా పనిలో అప్పుడే పోతాం. ఇలాంటివి పన్నెండు కావాలి."

"పన్నెండు కొట్లు పెడుతున్నారా?"

"కొట్లు కాదు. పిల్లల్ని తూస్తాం."

ఆమె ఆరోగ్య పరిశోధన సంస్థలో పని చేస్తుంది. తుడుచుకోవడానికి అతను ఇచ్చిన గుడ్డ చేతిలో పట్టుకుని, తుడుచుకోవడం మరచిపోయి, మొత్తం చెప్పింది. షాపు ముందు నుంచి ఎడమకు ఎక్కితే పై వీధి. కుడికి దిగితే కింది సందులు. రెండేళ్ల పిల్లల్ని తూస్తే, పై వీధి బిడ్డ కన్నా కింది సందు బిడ్డ ఒకటిన్నర కిలో తక్కువ.

"ఎంత?" అన్నాడతను.

"ఒకటిన్నర కిలో."

"ఇక్కణ్ణుంచి ఇక్కడికేనా?"

"నేను నడిచి చూశాను. పద్నాలుగు నిమిషాలు."

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. సరుకు దారిలో తరుగుతుందని అతనికి తెలుసు. ఎండకు కొంత, ఎలకకు కొంత, మోసేవాడి చేతివాటానికి కొంత. కానీ పద్నాలుగు నిమిషాల దారిలో ఏ సరుకూ అంత తరగదు. పుట్టినప్పటి నుంచి ఆ రెండు వైపులకూ కాటాలు అమ్ముతున్నాడు. ఆ కాటాల మీద మనుషుల్ని పెట్టి చూడాలని ఒక్కసారీ తోచలేదు.

"దానికి మీరేం చేస్తున్నారు?" అని అడిగాడు, గొంతు తగ్గించి.

"నర్సమ్మలు వారానికి రెండుసార్లు ఇంటికే వెళ్తారు. పాలు, గుడ్డు ఇస్తారు. జ్వరమొస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. పై వీధి పిల్లలు ఆరు నెలల్లో కిలో పెరుగుతారండీ. కింది పిల్లలు ఏడు వందల గ్రాములే. అంటే ఆరు నెలలకోసారి లోటు ఇంకో మూడు వందలు పెరుగుతోంది. దాన్ని ఆపగలమా అన్నదే మా ప్రశ్న. నాలుగు నెలలైంది. మొదటి తూకం ఒక ఆసుపత్రి కాటాలతో చేశాం, వాళ్లవి వాళ్లు తీసుకెళ్లిపోయారు. రెండు నెలల్లో రెండో తూకం. పెరుగుదల కనిపిస్తే ఇంకా మూడేళ్లు నడుస్తుంది. కనిపించకపోతే మూసేస్తారు."

"పై వీధి వాళ్లని కూడా ఈ కాటాలతోనే తూస్తారా?"

"వాళ్లకి వాళ్ల క్లినిక్కులో ఎలక్ట్రానిక్‌ది ఉంది. ఇవి కింది సందులకి. మిగతా పదకొండూ తీయండి, ఒక్కొక్కటీ చూడాలి."

"అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలీదా మేడం?"

"పన్నెండుకి పన్నెండూ చూడాలని మా రూలు."

అతని మొహం చిన్నబోయింది. ఆమె ఆ మొహాన్ని ఒక క్షణం ఎక్కువే చూసింది. తర్వాత రాయి తీసి సంచీలో వేసుకుంది.

"సరే. మీ మాట మీద."

ఆమె వెళ్లేసరికి వాన వెలిసింది. వానలో వచ్చిన గిరాకీ పన్నెండు కాటాలకు మాట ఇచ్చి వెళ్లిందంటే వెనక గదిలో ఉన్న అతని తండ్రి నమ్మలేదు. "రాయి తెచ్చుకుందా?" అని మూడుసార్లు అడిగాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆమె పేరు రాయి పిల్ల.

ఆ షాపుకు ఒక ఆచారం ఉంది. ఏ కాటా అయినా గుమ్మం దాటే ముందు వెనక గదిలోకి వెళ్తుంది. పళ్లెం కింద స్ప్రింగు పక్కన చిన్న మర ఉంటుంది. దాన్ని పావు చుట్టు బిగిస్తారు. అలా బిగించాక ముల్లు ఐదు కిలోలు చూపించాలంటే పళ్లెంలో యాభై గ్రాములు ఎక్కువ వేయాలి. ఖాళీ పళ్లేనికి మాత్రం ముల్లు సున్నా దగ్గరే నిలబడుతుంది. కొనేవాడికి తెలియకుండానే కొసరు వెళ్తుంది. ఈ షాపు కాటా ఉన్న కొట్టుకు జనం ఎగబడతారు కాబట్టి కొట్టువాళ్లూ సంతోషంగానే ఒప్పుకుంటారు.

పన్నెండు కాటాలూ వెనక గదిలోకి వెళ్లాయి. తండ్రి బిగించబోతే అతను ఆపాడు. "ఇవి నేను చూస్తాలే నాన్నా." ఒక్కొక్కటే ఒళ్లో పెట్టుకుని మర బిగించాడు. పసిపిల్లల కాటాలు. ఆ పిల్ల అడిగిన కాటాలు. చెయ్యి పావు చుట్టు దగ్గర ఆగలేదు. అర చుట్టు తిరిగింది. పాపలకు కాస్త ఎక్కువే వెళ్లనీ అనుకున్నాడు. ఆ అనుకోవడంలో అర్థముందా అని ఆలోచించలేదు. ప్రేమలో పడుతున్న మనిషి చేతిని బుర్ర వెంటనే తనిఖీ చేయదు.

ఆ రెండు నెలలూ శనివారాలు షాపులో సందడే. కాటా చదవడం నేర్పమని ఆమె నర్సమ్మల్ని తీసుకొచ్చేది. రబ్బరు బొమ్మను పళ్లెంలో పెట్టి, ముల్లు ఎలా చూడాలో అతను చెప్పేవాడు.

"నిలబడి చూస్తే ఎక్కువ చూపిస్తుంది, కూర్చుని చూస్తే తక్కువ చూపిస్తుంది. కళ్లకు సమంగా పెట్టుకోవాలి."

"మా మేడంని కూడా అలాగే చూస్తున్నావుగా బాబూ, సమంగా పెట్టుకుని," అంది పెద్ద నర్సమ్మ. అందరిలోకీ వయసులో పెద్దది, నోటికి ఎక్కడా తాళం లేని మనిషి.

రాయి పిల్ల రిజిస్టరులోకి తల దూర్చింది. చెవులు మాత్రం బయటే ఉన్నాయి, అవి ఎర్రబడ్డాయి.

రెండో తూకం వారం రోజులు జరిగింది. కింది సందుల్లో నాలుగు వందల మంది పిల్లలు. అతను షాపు తండ్రికి అప్పజెప్పి కాటాలు మోశాడు. ఏ ఇంటికి వెళ్లినా ఆమె పిల్లల్ని ఎత్తుకుని ముద్దు చేసి, ఆ తర్వాతే పళ్లెంలో కూర్చోబెట్టేది. ఒకడు అతని చొక్కా జేబు చింపాడు. ఇంకొకడు ఆమె జడ పట్టుకుని వదల్లేదు.

"వాడు అదృష్టవంతుడు," అన్నాడతను.

"ఏమన్నారు?"

"వాడి పట్టు గట్టిదన్నాను."

పది రోజుల తర్వాత ఆమె షాపుకు వచ్చింది. వాన లేదు. సంచీ లేదు. చేతిలో నాలుగు కాగితాలు మాత్రం ఉన్నాయి. కౌంటరు ముందు స్టూలు మీద కూర్చుని, ఆ కాగితాలే చూస్తోంది.

"ఏమైందండీ?"

"పెరగలేదు."

"ఎవరు?"

"పిల్లలు. ఏడు వందల గ్రాములు. అంతే. మేం ఏమీ చేయకపోయినా అంతే పెరిగేవాళ్లు. ఆరు నెలల పాలు, గుడ్లు, నర్సమ్మల కాళ్లనొప్పులు, అన్నీ ఎక్కడికి పోయాయో తెలీడం లేదు." ఆమె కాగితాలు తిప్పింది. "నేను ఎత్తుకున్నానండీ వాళ్లని. బుగ్గలు నిండాయి. నా చేతులు పీకాయి. కాటా మాత్రం పెరగలేదంటోంది. అబద్ధం నా చేతులు చెప్తాయా, కాటా చెప్తుందా?"

అతను అరలో ఉన్న పిల్లల కాటా వైపు చూశాడు.

"శుక్రవారం కమిటీ. మూసేస్తారు," అంది ఆమె. లేచి, అడుగు వేసి, ఆగింది. "మీకే ముందు చెప్పాలనిపించింది. ఎందుకో తెలీదు."

ఆమె మలుపు తిరిగేదాకా అతను కదల్లేదు. తర్వాత పన్నెండింట్లో మరమ్మతుకు తిరిగొచ్చిన ఆ కాటాను దించి, పళ్లెంలో ఐదు కిలోల రాయి పెట్టాడు. ముల్లు నాలుగు కిలోల తొమ్మిది వందల దగ్గర నిలబడింది. ఐదుకి నూరు. పది కిలోల బిడ్డకు రెండు వందలు. ఏడు వందలకు రెండు వందలు కలిపితే తొమ్మిది వందలు.

కొట్టులో పళ్లెంలో పడేది సరుకు, కొసరు కొనేవాడికి వెళ్తుంది. ఇక్కడ పళ్లెంలో పడింది బిడ్డ. అతను ఇచ్చాననుకున్న కొసరు, ప్రతి బిడ్డ నుంచీ తీసుకున్నాడు.

తండ్రి వెనక గదిలో కునుకు తీస్తున్నాడు. అతను వెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చుని అంతా చెప్పాడు. తండ్రి లేచి కూర్చున్నాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"అర చుట్టా?"

"అర చుట్టు."

"పావే కదరా మన ఇంటి లెక్క."

"నాన్నా, పావైనా తప్పే ఇక్కడ."

నలభై ఏళ్లు మంచి అనుకుని చేసిన పని ఒక మధ్యాహ్నంలో ఇలా తిరగబడుతుందని ముసలాయన ఎన్నడూ అనుకోలేదు. గొంతు సవరించుకున్నాడు.

"చెప్తే ఏమవుతుందో తెలుసా? డాక్టరు తప్పు మందు ఇచ్చినా ఇంకో రోగి వస్తాడు. తూకాలోడు తూకం తప్పాడంటే ఇంకెవడూ రాడు."

"తెలుసు."

"ఆ పిల్ల కూడా మొహం చూడదు."

"అదీ తెలుసు."

"చెప్పకపోతే?"

"నర్సమ్మలు ఇళ్లలో కూర్చుంటారు. పిల్లలు మళ్లీ ఎవరికీ పట్టని పిల్లలైపోతారు. మూడేళ్లు, నాన్నా."

తండ్రి గోడవైపు తిరిగాడు. "నువ్వే చెప్పాలి. నేనైతే పావు చుట్టు దగ్గరే అబద్ధమాడేస్తాను," అన్నాడు.

శుక్రవారం కమిటీ గదిలో ఐదుగురు పెద్దలు, మధ్యలో ప్రొఫెసరు. రాయి పిల్ల తెర ముందు నిలబడి ఏడు వందల గ్రాముల గీత చూపిస్తోంది. తలుపు తీసుకుని, ఒక చేతిలో కాటా, ఒక చేతిలో రాయితో తూకాల అబ్బాయి లోపలికి వచ్చాడు.

"మీరెవరు?" అన్నాడు ప్రొఫెసరు.

"కాటాలు ఇచ్చినవాణ్ణి సార్. కాటాలు తప్పు. తప్పు చేసింది నేను."

బల్ల మీద కాటా పెట్టి, రాయి పెట్టి, ముల్లు చూపించాడు. ఆచారం సంగతి చెప్పాడు. పావు చుట్టు చెప్పాడు. అర చుట్టు కూడా చెప్పాడు. ప్రొఫెసరు టీ కప్పు నోటి దాకా తీసుకెళ్లి అక్కడే మరచిపోయాడు.

రాయి పిల్ల అతన్ని చూస్తోంది.

"ఎందుకు?" అంది, అందరి ముందే.

"మీ పిల్లలకి ఎక్కువ వెళ్లాలనుకున్నాను."

"ఎక్కువ వెళ్లాలని వాళ్ల బరువు తగ్గించారా?"

అతను తల వంచుకుని రాయి తీసి పక్కన పెట్టాడు.

కమిటీలో ఒకాయన అన్నాడు, "మీ షాపు తప్పు తూకం ఇచ్చిందని ఇక్కడ రాసుకుంటాం. బయటికి వెళ్తుంది. తెలుసుగా?"

"రాసుకోండి సార్."

"ఒక్క షాపే కాదు." రాయి పిల్ల ఒక అడుగు ముందుకు వేసింది. "నా పేరు కూడా రాయండి. పన్నెండూ పరీక్షించాలని రూలు. నేను ఒక్కటే పరీక్షించాను. మిగతా పదకొండూ ఆయన మొహం చూసి వదిలేశాను."

తూకాల అబ్బాయి చటుక్కున ఆమె వైపు తిరిగాడు. ఆమె అతని వైపు చూడలేదు.

ప్రొఫెసరు కప్పు దించాడు. "ఆయన నోటిమాట మీద అంకెలు దిద్దలేం. మళ్లీ తూచాలి, నాలుగు వందల మందినీ. ఈయన షాపు చెయ్యి తగలని కాటాలతో. సోమవారం పొద్దున మళ్లీ కూర్చుందాం."

రెండు రోజుల్లో పన్నెండు కాటాలు ఊళ్లో ఒక్కచోటే దొరుకుతాయి. ఎదురు వరసలో పోటీ షాపు. తూకాల అబ్బాయి తండ్రికీ ఆ షాపాయనకీ ఇరవై ఏళ్లుగా మాటల్లేవు. సంగతి విని ముసలాయన చెప్పులేసుకున్నాడు. రోడ్డు దాటాడు. కొడుకు గుమ్మంలోంచి చూస్తూ నిలబడిపోయాడు.

"నా కాటాలు తప్పాయి. నీవి పన్నెండు కావాలి, రెండు రోజులకి," అన్నాడు తండ్రి, డొంకతిరుగుడు లేకుండా.

పోటీ షాపాయన చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు కింద పడిపోయింది. "ఏమన్నావు? మళ్లీ అను."

"ఒకసారి అన్నదే ఎక్కువ. ఇస్తావా?"

"ఇరవై ఏళ్లు ఎదురుచూశాను ఈ మాట కోసం. ఇప్పుడేంటో సంతోషం రావట్లేదు." ఆయన పన్నెండూ దింపించాడు.

శనివారం పొద్దున్నే మబ్బు పట్టింది. తొమ్మిదికల్లా కింది సందుల్లో జోరు వాన. రాయి పిల్ల ప్రతి కాటా మీదా రాయి పెట్టి చూసింది, పన్నెండుకి పన్నెండూ. తూకాల అబ్బాయి దూరంగా చూరు కింద నిలబడ్డాడు.

"కాటా ముట్టుకోకూడదు," అంది ఆమె. కమిటీ గది తర్వాత అతనితో అన్న మొదటి మాట అది.

"ముట్టుకోను."

"గొడుగు పట్టుకోవచ్చు. రూలేమీ లేదు."

రెండు రోజులు గొడుగు పట్టాడు. కాటా తడవకుండా, బిడ్డ తడవకుండా, రిజిస్టరు తడవకుండా. అతను తడిశాడు. ఆమె ముల్లు చూసి అంకె చదివేది, పెద్ద నర్సమ్మ రాసేది.

"పదీ నాలుగు వందలు."

"వీడేనమ్మా నా నడుము విరిచినోడు," అంది నర్సమ్మ. "వీడు పెరగలేదంటే నా నడుమే అబద్ధమా అని రోజూ ఏడ్చాను."

గొడుగు ఒకవైపు ఒరిగింది. ఆమె తలెత్తింది.

"సరిగ్గా పట్టుకోండి. కళ్లల్లో పడుతోంది."

"మీకా?"

"మీకు," అంది ఆమె. అతని కళ్లల్లో ఉన్నది వాన కాదని ఇద్దరికీ తెలుసు.

సోమవారం లెక్క తేలింది. తొమ్మిది వందల పది గ్రాములు. మూడు వందల లోటు తొంభైకి దిగింది. ఒకాయన కాలిక్యులేటరు తీసి మళ్లీ తనే లెక్క వేసుకున్నాడు. పాత ఒకటిన్నర కిలో అక్కడే ఉందని, అది ఆరు నెలల్లో తీరేది కాదని ప్రొఫెసరు చెప్పాడు. మూడేళ్లు నడపమన్నారు.

తూకాల షాపు మాత్రం నడవలేదు. వారంలో తొమ్మిది కొట్లవాళ్లు కాటాలు తిరిగి తెచ్చారు. "తప్పుడు తూకమని పేరొచ్చిన కాటా మాకెందుకు" అన్నారు. తండ్రి వాదించలేదు. ఒక్కొక్క మరా వెనక్కి తిప్పి, వాళ్ల ముందే రాయి పెట్టి చూపించాడు. ముగ్గురు కాటా మళ్లీ పట్టుకెళ్లారు. ఆరుగురు పట్టుకెళ్లలేదు. రాయి పిల్ల నెల రోజులు రాలేదు. ఆ లోటు ఎంతో అతను తూచలేదు.

నెల తర్వాత ఒక సాయంత్రం మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఆమె కౌంటరు ముందు నిలబడి ఒక కాగితం పరిచింది.

"రిపోర్టు అచ్చుకి వెళ్తోంది. 'లోపాలు' అని ఒక పేజీ ఉంటుంది. మీ షాపు అందులో ఉంది. నేనూ ఉన్నాను, మీ కింద వాక్యంలో."

"మంచిదేనండీ," అన్నాడతను.

"ఇంకో కాగితం ఉంది. పరిశోధన చేసినవాళ్లకి, సరుకిచ్చినవాళ్లతో ఏ సంబంధమూ లేదని సంతకం పెట్టాలి. నాలుగు రోజులుగా పెట్టలేకపోతున్నాను."

"ఎందుకు? మీరు మా దగ్గర పైసా తీసుకోలేదు కదా."

"అదే ప్రొఫెసరుగారూ అన్నారు. డబ్బు కాకుండా ఇంకేదైనా ఉంటే ఏం చేయాలని అడిగాను. దాచకుండా రాస్తే చాలన్నారు. ఏం సంబంధమో ఇక్కడ, ఈ ఖాళీలో." ఆమె పెన్ను మూత తీసి అతని ముందు పెట్టింది. "నాకు రాయడం చేతకావడం లేదు. మీరు రాయండి."

అతను పెన్ను చూశాడు. ఆమెను చూశాడు. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ఒరేయ్," వెనక గదిలోంచి తండ్రి గొంతు. "ఆ పిల్ల ఎంతసేపు నిలబడుతుంది? రాయరా. తర్వాత వాళ్ల అమ్మానాన్నలతో నేను మాట్లాడతాను."

అతను రాశాడు. రెండే మాటలు. కాగితం ఆమె వైపు తిప్పాడు.

ఆమె చదివింది. మళ్లీ చదివింది. "కాబోయే భర్త," అంది మెల్లగా, ఎవరిదో అంకె చదివినట్టు. "మా అమ్మని అడగకముందే రాసేశారే."

"కొట్టేయనా?"

"ఈ ఫారంలో కొట్టివేతలు ఉండకూడదండీ," అంది ఆమె, కింద సంతకం పెడుతూ.